పిన్నిని అడిగారా? – పిల్లల్ని బంధువుల ఇంట్లో ఉంచే ముందు చేసే విచారణ గురించి

(జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో కొత్తగా చేరిన సోషల్ వర్కర్లు, అవుట్‌రీచ్ వర్కర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. ఇందులో వచ్చే కుటుంబాల వివరాలను ఎవరూ గుర్తుపట్టకుండా మార్చి చెప్పారు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

పొద్దుట నుంచి మీకు చట్టం, సెక్షన్లు, ఫారాలు అన్నీ చెప్పారు. భోజనాలయ్యాక నాకు టైమిచ్చారు కాబట్టి నిద్ర రాకుండా మాట్లాడాల్సిన బాధ్యత నాది. విషయం మీకు తెలిసిందే. అమ్మానాన్నలు పోయిన పిల్లల్ని, లేదా వాళ్లు ఉన్నా చూసుకోలేని స్థితిలో ఉన్న పిల్లల్ని, ఫలానా బంధువు దగ్గర ఉంచొచ్చా లేదా అని తేల్చి చెప్పడం.

మనం ఆ ఇంటికి వెళ్లేసరికి ఒక నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అది పెద్దకర్మ రోజున అవుతుంది. చుట్టాలంతా చేరతారు, భోజనాలవుతాయి, సాయంత్రం బస్సుకి వెళ్లేవాళ్లు సంచులు సర్దుకుంటుంటారు. ఆ హడావుడిలో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని “మరి పిల్లల సంగతేంటి” అంటాడు. పది నిమిషాల్లో పంపకం అయిపోతుంది. పెద్దోడు పెదనాన్న ఇంట్లో, పొలం పనికి తోడుంటాడు. చిన్నది అమ్మమ్మ దగ్గర. నడిపిదాన్ని హాస్టల్లో వేద్దాం. అందరూ “అంతే అంతే” అంటారు. అమ్మని పోగొట్టుకున్న పదకొండో రోజుకి ఆ ముగ్గురూ ఒకళ్లనొకళ్లు కూడా పోగొట్టుకుంటారు.

వాళ్లకి ప్రేమ లేదని నేననను. ఏ ప్రభుత్వ ఆఫీసూ ఇంత త్వరగా ముగ్గురు పిల్లలకి అన్నం పెట్టే మనుషుల్ని వెతకలేదు. నిజానికి మన రాష్ట్రాల్లో బంధువుల దగ్గర పెరిగే పిల్లల్లో ఎక్కువమంది మన రికార్డుల్లోకే రారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికని కువైట్ వెళ్లిన తల్లుల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. పాలమూరు నుంచి వలస వెళ్లినవాళ్ల పిల్లలు తాతల దగ్గర ఉండి బడికి పోతున్నారు. ఎవరూ వాళ్లని విచారించలేదు, చాలామంది బాగానే పెరిగారు. మీలో కూడా అమ్మమ్మ ఇంట్లో పెరిగినవాళ్లు ఉండే ఉంటారు. చేతులెత్తక్కర్లేదు.

మరి మన పని ఏంటి? ఆ పది నిమిషాల్లో ఎవరూ అడగని ప్రశ్నలు అడగడం. బంధువు అన్న ఒక్క మాటతో తృప్తిపడకూడదు, పేదవాళ్లని చూసి తిప్పి పంపకూడదు. మిగతాదంతా ఈ రెంటికీ మధ్యలోనే ఉంటుంది. అక్కడ పనికొచ్చే ప్రశ్న నా దృష్టిలో ఒక్కటే: ఈ బిడ్డకి ఈ ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుంది?

చట్టం సంగతి రెండు మాటల్లో. బిడ్డ దొరికిన 24 గంటల్లో, ప్రయాణం టైము కాకుండా, సీడబ్ల్యూసీ, అంటే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. సామాజిక విచారణ 15 రోజుల్లో అవ్వాలి, కమిటీ నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 37వ సెక్షన్ కింద కమిటీకి చాలా దారులున్నాయి. పర్యవేక్షణ పెట్టి కుటుంబానికే అప్పగించొచ్చు, తగిన వ్యక్తిగా గుర్తించినవాళ్ల దగ్గర ఉంచొచ్చు, ఫోస్టర్ కేర్‌కి, అంటే వేరే కుటుంబంలో పెరగడానికి ఇవ్వొచ్చు, స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ పెంపకానికి నెలనెలా డబ్బు సాయం ఇప్పించొచ్చు. సంస్థకి పంపడం ఆఖరి మార్గం అని చట్టంలోని మూలసూత్రాల్లోనే ఉంది. కమిటీలో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్లు ఆ ఇంటి గుమ్మం తొక్కరు, మీరు తొక్కుతారు. వాళ్లకి కనిపించేది మీ కాగితమే.

ఒక చిన్న తిరకాసు ఉంది, అందరూ ఇక్కడ తడబడతారు. దత్తత కోసం ఇదే చట్టం 2(52)లో ‘బంధువు’ ఎవరో చెప్పింది. నాన్న వైపు బాబాయి, పెదనాన్న, మేనత్త. అమ్మ వైపు మేనమామ, పిన్ని, పెద్దమ్మ. రెండు వైపులా తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. ఆ జాబితాలో అక్క లేదు, అన్న లేడు. దాంతో మనవాళ్లు కొందరు, పెళ్లయిన అక్క వచ్చి “చెల్లిని నేను చూసుకుంటాను” అంటే “నీకు రూల్ లేదమ్మా” అని పంపేస్తారు. ఆ జాబితా దత్తతకి మాత్రమే. చెల్లిని తన దగ్గర ఉంచుకోవడానికి అక్క తగిన వ్యక్తి అవునా కాదా అని విచారించడానికి అది అడ్డం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎవర్ని అడగాలి?

అర్జీ పెట్టేది బాబాయి. ఆధార్ జిరాక్స్ తెచ్చేదీ, సంతకం పెట్టేదీ, ఫోనెత్తేదీ బాబాయే. “మా అన్న పిల్లలండీ, నా పిల్లలతో పాటే” అంటాడు, కళ్లలో నీళ్లు కూడా ఉంటాయి. ఆయన నిజమే చెప్తున్నాడు. కానీ పొద్దున్నే లేపి జడ వేసేదెవరు? బాక్స్ కట్టేదెవరు? ఆ పిల్లకి మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేదెవరు? రాత్రి పక్క తడిపితే లేచి దుప్పటి మార్చేదెవరు? పిన్ని. మన రిపోర్టుల్లో పిన్ని ఎక్కడుంటుందో తెలుసా? కుటుంబ సభ్యుల పట్టికలో రెండో వరుసలో: పేరు, వయసు, వృత్తి గృహిణి. అయిపోయింది.

పిన్నితో విడిగా మాట్లాడండి. విడిగా అంటే ఆయన వరండాలో కూర్చుని వింటుండగా వంటింట్లో మాట్లాడడం కాదు. బోరింగు దగ్గరకో, డ్వాక్రా మీటింగ్ దగ్గరకో, అంగన్‌వాడీ దగ్గరకో వెళ్లి మాట్లాడండి. “నీకిష్టమేనా” అని అడగకండి, ఇష్టమే అంటుంది. లేకపోతే ఏమంటుంది, ఆ ఇంట్లో బతకాలి కదా. “ఇప్పుడు నీ పొద్దు ఎలా గడుస్తోందమ్మా? ఎన్నింటికి లేస్తావు? ఇంకో ఇద్దరొస్తే ఏ పని ఆగిపోతుంది?” అని అడగండి. అప్పుడు చెప్తుంది. “మిషన్ కుట్టి నెలకి నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నా, అది మానెయ్యాలి.” “మా అత్త మంచంలో ఉంది, ఆమెకీ నేనే.” “ఆయన తాగొచ్చినప్పుడు నా పిల్లల్ని పక్కింటికి పంపిస్తా, మరి వీళ్లని కూడానా?” ఈ చివరి మాట మీరు ఆయన్ని వందసార్లు కలిసినా వినపడదు.

ఒక ఊళ్లో ఒక పిన్ని నాతో, “పిల్లలొస్తే రానీండి, కానీ మా ఆయన ఊళ్లో మంచిపేరు తెచ్చుకుంటాడు, కష్టం నాది” అంది. నేను దాన్ని వ్యతిరేకతగా రాయలేదు. అది నిజాయితీ. ఆమెకి ఏం ఉంటే తేలికవుతుందో మాట్లాడుకున్నాం. చిన్నవాడిని అంగన్‌వాడీలో చేర్చడం, నెలకోసారి పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపడం, స్పాన్సర్‌షిప్ డబ్బు ఆమె కూడా చూసుకోగలిగే ఖాతాలో పడడం. ఆ ఇంట్లో పిల్లలు నిలబడ్డారు. అందరికంటే ముందు “నా ప్రాణం ఇచ్చి చూసుకుంటా” అన్నవాళ్ల దగ్గర ఆర్నెల్లు నిలవని కేసులూ చూశాను.

ఇక ఇల్లు చూడడం. చెప్పి వెళ్లండి, ఒకసారి చెప్పకుండా కూడా వెళ్లండి. చెప్పి వెళ్లినప్పుడు మంచం మీద కొత్త దుప్పటి ఉంటుంది, పక్కింటి నుంచి తెచ్చిన కుర్చీ ఉంటుంది, కూల్‌డ్రింక్ వస్తుంది. తప్పేం లేదు, మనింటికి ఎవరైనా వస్తే మనమూ అంతే. మీరు చూడాల్సింది వేరే. బిడ్డ పడుకునేది ఎక్కడో అడగకండి, “చూపించు నాన్నా” అని బిడ్డనే అడగండి. పిల్ల తడుముకోకుండా తన చాప, తన దిండు చూపిస్తే ఒక అర్థం. పిన్ని వైపు చూసి, ఆమె కళ్లతో సైగ చేశాక “ఇక్కడ” అంటే ఇంకో అర్థం. ఆ పక్కన పడుకునేది ఎవరు? టూత్ బ్రష్‌లు ఎన్ని? బట్టలు అలమరాలో ఉన్నాయా, ఇంకా వచ్చినప్పటి సంచిలోనే ఉన్నాయా? అమ్మ ఫోటో ఎక్కడైనా ఉందా? మూడు నెలలైనా బట్టలు సంచిలోనే ఉంటే, ఆ ఇంట్లో వాళ్లు గానీ ఆ పిల్ల గానీ ఇది ఇంకా ఖాయం కాదనుకుంటున్నట్టే.

మరుగుదొడ్డి ఉందా, పక్కా ఇల్లా, రేకులా, ఇవన్నీ ఫారంలో ఉన్నాయి, రాయండి. కానీ రేకుల ఇల్లు అని రాసి కింద ‘అనుకూలం కాదు’ అని మాత్రం రాయకండి. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డని కుటుంబం నుంచి వేరు చెయ్యకూడదు. పేదరికం కనిపిస్తే ఆ కుటుంబానికి ఏ సాయం ఇవ్వాలో వెతకాలి.

నాయనమ్మ కేసు ఒకటి చెప్తాను. ఇద్దరు పిల్లలు, తొమ్మిదేళ్ల పిల్ల, ఆరేళ్ల పిల్లాడు. అమ్మానాన్న రోడ్డు ప్రమాదంలో పోయారు. ఒకవైపు నాయనమ్మ, అరవై దాటింది, షుగర్, ఒక గది ఇల్లు, ఉపాధి హామీ పనికి పోతుంది. ఇంకోవైపు బాబాయి, టౌన్‌లో రెండంతస్తుల డాబా, పిల్లలు ఇంగ్లీషు మీడియం. కాగితం మీద ఎవరు గెలుస్తారో మీకు తెలుసు.

నాయనమ్మని మందులు చూపించమన్నాను. “తప్పకుండా వేసుకుంటున్నావా” అంటే ఎవరైనా అవుననే అంటారు. స్ట్రిప్ చూస్తే తెలుస్తుంది. ఆమె ట్రంకుపెట్టె మీద నుంచి తీసుకొచ్చింది, ఏ రోజు వేసుకోవాల్సింది ఆ రోజు వేసుకున్నట్టే ఉంది. ఆశా కార్యకర్తని అడిగితే నెలనెలా చెకప్‌కి వస్తుందని చెప్పింది. పిల్లాడికి ఏమిష్టం అని అడిగాను. “టమాటా పప్పు తింటాడు గానీ అందులో మిరపకాయ కనపడితే ముట్టడు, తీసేసి పెట్టాలి. పిల్ల మాట్లాడదు, రాత్రి లైటు తీస్తే ఏడుస్తుంది, అందుకని బయట లైటు వేసి తలుపు ఓరగా ఉంచుతున్నా” అంది. కరెంటు బిల్లు సంగతి కూడా చెప్పుకుని బాధపడింది, అది వేరే విషయం.

బాబాయిని అదే అడిగితే, “అన్నీ తింటారండీ, మా ఇంట్లో దేనికీ లోటు లేదు” అన్నాడు. చెడ్డవాడు కాదు. అన్న పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూసేవాడు, అంతే.

అయినా నాయనమ్మకి ఇచ్చేయండి అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఆమెకి ఏదైనా అయితే? పిల్లాడికి పద్దెనిమిది నిండేసరికి ఆమెకి డెబ్బై దాటుతాయి. ఈ ప్రశ్న ముసలివాళ్లని అడగడానికి మనకి మొహమాటం. అపశకునం మాట్లాడినట్టు ఉంటుంది. ఆమె మాత్రం నేను అడగకముందే, “నేను పోతే ఎట్లా అనే నా దిగులు” అంది. వాళ్లకి ఈ దిగులు మనకంటే ముందే ఉంటుంది, మనం అడిగితే ఎవరితోనో చెప్పుకున్నట్టు అవుతుంది. అదే వీధిలో ఉన్న మేనత్తని పిలిచి కూర్చున్నాం. ఆస్పత్రిలో చేరాల్సి వస్తే పిల్లలు ఎవరింట్లో తింటారు, బడిలో ఎవరి ఫోన్ నంబరు ఉంటుంది, తర్వాత ఎవరు. మేనత్త పేరు రిపోర్టులోకి ఎక్కింది. బాబాయికి కూడా చోటిచ్చాం, వేసవి సెలవులు ఆయన దగ్గర, పిల్ల పదో తరగతి తర్వాత చదువు ఆయన చూసుకుంటానని కమిటీ ముందు చెప్పాడు. ఒక ఇంటిని ఎంచి ఇంకో ఇంటిని కొట్టేసే పోటీలా దీన్ని నడిపితే, ఓడినవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కరు. ఆ పిల్లలకి మిగిలిన చుట్టాల్లో సగంమంది పోతారు.

డబ్బు గురించి నిర్మొహమాటంగా మాట్లాడుకుందాం. కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాల ప్రకారం స్పాన్సర్‌షిప్ కింద బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 మించకూడదు. బంధువుల దగ్గర ఉండే అనాథ పిల్లలు దీనికి అర్హులే. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియదు, మనం చెప్పం. చెప్తే డబ్బు కోసం వస్తారని భయం. వస్తే రానివ్వండి! ఆదాయం నెలకి ఆరు వేలు దాటని ఇంట్లో, వచ్చే 4,000 గురించి ఆలోచించకుండా పిల్లని తెచ్చుకునేవాళ్లు ఉంటారా? లెక్క వేసుకునేవాళ్లే జాగ్రత్తపరులు. ఆ డబ్బు ఎవరి మీద ఖర్చవుతుందో చూడడం మన పని.

పెద్ద మొత్తాలు వేరే సంగతి. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకి 2021 మే 29న పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ ప్రకటించారు. పద్దెనిమిది నిండేసరికి 10 లక్షలయ్యేలా డిపాజిట్, ఇరవై మూడేళ్లకి ఆ మొత్తం చేతికి. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. ఆ వార్త పేపర్లో పడ్డాక కొన్ని ఇళ్లకి, అంతకు ముందు ఫోన్ కూడా చెయ్యని చుట్టాలు కార్లేసుకుని వచ్చారు. ప్రమాదం కేసుల్లో ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారం దగ్గరా ఇదే. పొలం ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే మొదటి రోజే అడగండి: చనిపోయినవాళ్ల పేరు మీద ఏముంది? పాస్‌బుక్ ఎవరి దగ్గరుంది? ఎల్‌ఐసీ పాలసీకి నామినీ ఎవరు? ఇప్పుడు కౌలు ఎవరు తీసుకుంటున్నారు? ఇంకోటి స్పష్టంగా చెప్పండి. పిల్లని చూసుకోమని కమిటీ ఇచ్చే ఉత్తర్వుతో పిల్ల ఆస్తి మీద హక్కు రాదు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఊరికే దగ్గర పెట్టుకుని సాకుతున్నందువల్ల ఎవరూ మైనర్ ఆస్తిని అమ్మలేరు, రాసివ్వలేరు. ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడండి. “మాకెందుకండీ ఆస్తి, పిల్లలు బాగుంటే చాలు” అని మామూలుగా అనేవాళ్లు చాలామంది ఉంటారు. కొందరు మాత్రం ఆ తర్వాత ఫోనెత్తరు. మీ విచారణ సగం అక్కడే అయిపోతుంది.

మనవాళ్లకే ఉన్న ఇంకో చిక్కు, మేనరికం. పధ్నాలుగేళ్ల పిల్ల, అమ్మ పోయింది, మేనమామ వచ్చి “మా ఇంటి పిల్లే కదండీ” అంటాడు. ఆ మాటకి మన దగ్గర రెండర్థాలున్నాయని మీకు తెలుసు. ఆయనకి పెళ్లి కావాల్సిన కొడుకున్నాడా? ఆయనకే పెళ్లి కాలేదా? అమ్మమ్మ మనసులో ఏముంది? దీన్ని అడిగే పద్ధతి ఉంది. “పదో తరగతి అయ్యాక ఏం చదివిద్దామనుకుంటున్నారు?” అనండి. ఇంటర్ కాలేజీ ఎంత దూరం, బస్సు ఉందా, హాస్టలా అని జవాబులొస్తే ఆ ఇంట్లో చదువు గురించి ఆలోచన నడుస్తోంది. “ఆడపిల్ల కదండీ, అప్పటికి చూద్దాం” అని వస్తే, మీరు ఆ సంగతి తేలేదాకా వెళ్తూనే ఉండాలి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరమని చెప్పి, చెప్పినట్టు రిపోర్టులో రాయండి. అంతమాత్రాన మేనమామ అనగానే అనుమానించమని కాదు. పిల్లల్ని భుజాన వేసుకుని పెంచిన మేనమామలు మన ఊళ్లలో ఎంతమంది!

లైంగిక వేధింపుల గురించి చెప్పకుండా దాటెయ్యలేను. పిల్లల మీద ఇలాంటి నేరాలు చేసేవాళ్లలో ఎక్కువమంది వాళ్లకి తెలిసినవాళ్లే. పోక్సో చట్టం బంధువు చేసిన నేరాన్ని మరింత తీవ్రమైనదిగా లెక్కిస్తుంది, అనుమానం ఉన్నా పోలీసులకి చెప్పాల్సిన బాధ్యత మన మీద పెడుతుంది. కాబట్టి ఆ ఇంట్లో రాత్రిపూట ఉండే ప్రతి మగవాడి పేరు మీ దగ్గర ఉండాలి. రేషన్ కార్డులో లేని తమ్ముడు, మేడ మీద గదిలో ఉండే అద్దె కుర్రాడు, ‘అప్పుడప్పుడు వచ్చే’ బావగారు. పోలీసు వెరిఫికేషన్ అర్జీ పెట్టినాయన ఒక్కడికే చేయించి ఊరుకోకండి.

ఇక్కడ లండన్‌లో జరిగిన ఒక కేసు చెప్పాలి, ఎందుకంటే దానిలో తప్పు మనం రోజూ చేసే తప్పే. విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పిల్ల. ఐవరీ కోస్ట్ దేశంలో తల్లిదండ్రులున్నారు. మంచి చదువు చెప్పిస్తానని వాళ్ల నాన్న వైపు బంధువు, వరసకి అమ్మమ్మో నాయనమ్మో అయ్యే ఆవిడ, 1998లో తీసుకెళ్లింది. ముందు ఫ్రాన్స్, తర్వాత లండన్. 2000 ఫిబ్రవరి 25న ఆ పిల్ల చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. ఆ బంధువుకి, ఆమెతో ఉంటున్న మనిషికి హత్యానేరం కింద యావజ్జీవం పడింది. లార్డ్ లామింగ్ విచారణ చేసి 2003 జనవరిలో నివేదిక ఇచ్చారు, 108 సిఫారసులు. సంక్షేమ విభాగాలు, పోలీసులు, ఆస్పత్రులు, అందరూ ఆ పిల్లని చూసినవాళ్లే.

ఆ నివేదికలో నన్ను వదలని విషయం ఒకటుంది. ఆ బంధువు ఎదురుగా వస్తే పిల్ల బిగుసుకుని, నిటారుగా నిలబడేదట. ఆ సంగతి విన్న సోషల్ వర్కర్, వాళ్ల సంస్కృతిలో పెద్దలంటే గౌరవం ఎక్కువ, అందుకే అలా నిలబడుతోంది అనుకుంది. మన రిపోర్టులు తీసి చూడండి. ‘బాలిక చాలా వినయంగా ఉన్నది, పెద్దల మాట వింటున్నది’ అని మెచ్చుకుంటూ రాస్తాం. కొత్త ఇంట్లో మూడు నెలలుగా ఉంటున్న తొమ్మిదేళ్ల పిల్ల, ఒక్కసారి కూడా అలగకుండా, ఏదీ అడగకుండా, మనం పలకరిస్తే లేచి నిలబడి చేతులు కట్టుకుంటే, నేనైతే సంతోషించను. మళ్లీ వెళ్తాను, ఈసారి బడికి వెళ్తాను.

బడి చాలా ముఖ్యం. క్లాస్ టీచర్‌కి తెలిసినంత ఇంట్లోవాళ్లకి తెలియదు. ఏ రోజుల్లో రావట్లేదు? కోతల సమయంలోనా, సంత రోజునా, పిన్ని పుట్టింటికి వెళ్లినప్పుడా? సోమవారం ఎలా వస్తుంది? మధ్యాహ్న భోజనం రెండోసారి అడుగుతుందా? హాజరు పట్టీ ఫోటో తీసుకోండి. ‘చదువు బాగున్నది’ అనే వాక్యం కంటే అది వందరెట్లు మేలు.

పిల్లల్ని అడగడం గురించి. “ఎవరి దగ్గర ఉంటావమ్మా?” అని అందరి ముందూ అడగకండి. దయచేసి. ఆ ప్రశ్నతో మీరు ఆ పిల్ల మీద మోయలేనంత బరువు పెడుతున్నారు. బాబాయి అంటే నాయనమ్మకి కోపం, నాయనమ్మ అంటే బాబాయికి కోపం. ఎవరూ లేని చోట, కాగితం, పెన్సిల్ ఇచ్చి ఇల్లు గీయమనండి, ఎవరెక్కడ పడుకుంటారో చెప్పమనండి. “కడుపునొప్పి వస్తే ముందు ఎవరికి చెప్తావు?” “కొత్త చెప్పులు కావాలంటే ఎవర్ని అడుగుతావు?” “ఎవరికి కోపం ఎక్కువ, అప్పుడేం చేస్తారు?” అయిదారు చిన్న ప్రశ్నల్లో మీకు పెద్ద ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. పెద్దపిల్లలైతే సూటిగా అడగొచ్చు, కానీ “నువ్వు చెప్పింది కమిటీకి చెప్తాను, నిర్ణయం మాత్రం కమిటీది” అని ముందే చెప్పండి. వాళ్ల మాట ప్రకారమే అవుతుందని ఆశ పెట్టకండి.

అన్నిటికంటే కష్టమైనవి వరకట్న చావుల కేసులు. తల్లి పోయింది, తండ్రి జైల్లో. బిడ్డ కళ్లారా చూసి ఉండొచ్చు, రేపు కోర్టులో సాక్షి కావొచ్చు. నాయనమ్మ ఇంట్లో ఉంచితే, “నాన్న మంచోడు, అలా చెప్పకు” అని నూరిపోసే ప్రమాదం. బెయిల్ మీద ఆయన ఆ ఇంటికే వస్తాడు. అమ్మమ్మ ఇంట్లో ఉంచితే, కూతురు పోయిన దుఃఖంలో వాళ్లు “నీ బాబే చంపాడు” అని అన్నం ముద్దకో మాట అంటారు, అన్నీ ఆ పోలికలే అంటారు. రెండు ఇళ్లనూ చూడండి. ఏ ఇల్లు అయినా కౌన్సెలింగ్, కోర్టు తేదీలకి తోడు, రెండో వైపు వాళ్లు ఎప్పుడు, ఎక్కడ చూడాలి అన్నది రాతపూర్వకంగా లేకుండా పంపకండి. దీనికి నా దగ్గర సులువైన సూత్రం లేదు. కేసుకో రకంగా ఉంటుంది.

ఇక రాయడం. నేను వందలసార్లు చదివిన రిపోర్టు ఇది: ‘కుటుంబ వాతావరణం బాగున్నది. ఆర్థిక స్థితి సాధారణం. బాలిక సంతోషంగా ఉన్నది. ఇరుగుపొరుగు మంచిగా చెప్పినారు. కావున సిఫారసు చేయడమైనది.’ పేరు మార్చి ఏ జిల్లాలోనైనా వాడుకోవచ్చు. దాని బదులు చూసింది రాయండి. ‘పిల్లాడికి ఏది తినడం ఇష్టం ఉండదో నాయనమ్మ అడగకుండానే చెప్పింది. పిల్ల తన చాప తనే చూపించింది. జూన్ నుంచి బడికి నాలుగు రోజులే రాలేదని టీచర్ రిజిస్టర్ చూపించారు. పిన్ని విడిగా మాట్లాడినప్పుడు భర్త తాగుడు గురించి చెప్పింది, ఆ రాత్రుల్లో పిల్లలు ఎక్కడుంటారో తేలాలి.’ చూసింది ఒకచోట, ఎవరో చెప్పింది ఒకచోట, మీరు అనుకుంటున్నది ఒకచోట రాయండి. మూడూ కలిపేస్తే కమిటీకి ఏది నమ్మాలో తెలియదు. ఆఖర్లో ‘అనుకూలం’ అన్న మాట కింద ‘ఈ సాయం అందితే’ అని రాసి, ఏ సాయమో, ఎవరు ఇస్తారో, ఎప్పటిలోగానో రాయండి. ఫారంలో గడి చాలకపోతే వేరే కాగితం జత చెయ్యండి, ఎవరూ ఏమీ అనరు. అన్నా పర్లేదు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా?

ఆ, చెప్పండమ్మా. “చూసుకుంటామన్న పిన్ని హైదరాబాద్‌లో ఉంటే, అమ్మాయి ఇక్కడ ఉంటే ఎలా?” మంచి ప్రశ్న. మీరు వీడియో కాల్‌లో ఇల్లు చూసి రాయకండి. ఫోన్ కెమెరా వాళ్లు చూపించిన వైపే చూస్తుంది. మన సీడబ్ల్యూసీ ద్వారా అక్కడి కమిటీకి రాయించి, ఆ జిల్లా విభాగంతో విచారణ చేయించాలి. రిపోర్టు వచ్చాక ఆ వర్కర్‌కి మీరు స్వయంగా ఫోన్ చెయ్యండి, కాగితం మీద రాయలేనివి మాటల్లో చెప్తారు. పిల్లని మార్చాక ఆ జిల్లావాళ్లే చూడాలి కాబట్టి ఫైలు మొత్తం వెళ్లిందో లేదో సరిచూసుకోండి. టీకాల కార్డు, టీసీ, ఆధార్ కూడా.

ఇంకొకరు... “పిన్ని కువైట్‌లో ఉంది, డబ్బు పంపిస్తానంటోంది, అమ్మమ్మ దగ్గర ఉంచమంటోంది.” అలాగైతే విచారించాల్సింది అమ్మమ్మని. పిన్ని పేరు సాయం చేసే మనిషిగా రాయండి, నెలకి ఎంత పంపగలదో, ఎవరి ఖాతాకో అడిగి రాయండి. ఆమె అకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి), ఉద్యోగం ఎప్పుడేమవుతాయో తెలియదు కాబట్టి, ఆ డబ్బు ఆగినా అమ్మమ్మ ఇల్లు నడిచేలా స్పాన్సర్‌షిప్ అర్జీ ఇప్పుడే పెట్టించండి. సెలవుకి ఊరొచ్చినప్పుడు ఆమెని ఒకసారి కలవండి, ఆ వారం ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో కూడా చూసి రండి.